మోడల్ ఓడలకు ఒకేలాంటి చిన్న కట్టె చీలలు: కోత పెట్టెతో మొదటి నుంచి చివరి దాకా

గొడ్డలి కామ వదులైతే తలలోకి ఒక కట్టె చీల దిగగొడతారు. అది సందులో బిగుసుకుని కామను కదలనివ్వదు. మోడల్ ఓడలోనూ చీల పని అదే, కాకపోతే సైజు బియ్యపు గింజకు కాస్త ఎక్కువ. ఒక చీల చేయడం ఎవరికైనా వస్తుంది. ఇరవై నాలుగు చేసి వరసగా పేర్చినప్పుడు మొదట చేసింది ఏదో, చివర చేసింది ఏదో చెప్పలేనట్టు ఉండాలి. కష్టమంతా అక్కడే ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

నేను హన్మకొండలో ఉంటాను. సముద్రం ఇక్కడికి చాలా దూరం. కానీ ఓరుగల్లు నుంచి ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకు లాక్కునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని అందులో రాయించాడు. అది చదివినప్పటి నుంచి నాకు ఓడల మీద మనసు పడింది. చెరువుల మధ్య పెరిగినవాళ్లం, ఓడ చూడాలంటే మేం చేసుకోవాల్సిందే.

ఓడలో చీలలు ఎక్కడ ఉంటాయి

తెరచాప ఓడల్లో చీలలు కనిపించే చోట్లు ముఖ్యంగా మూడు.

మొదటిది ఫిరంగి కింద. పాత కాలపు ఓడ ఫిరంగికి వెనుక భాగం బరువెక్కువ. ఆ వెనుక భాగం కింద ఒక చీల పెట్టేవారు. చీలను బయటికి లాగితే వెనుక భాగం దిగుతుంది, మూతి పైకి లేస్తుంది. లోపలికి తోస్తే మూతి దిగుతుంది. గుండు ఎంత దూరం పోవాలో ఆ కట్టె ముక్కే తేల్చేది. తర్వాత కాలంలో కొన్ని ఫిరంగులకు దీని బదులు మర (స్క్రూ) వచ్చింది. చీల వెనుక పట్టుకుని లాగడానికి చిన్న పిడి కూడా ఉంటుంది.

రెండోది డెక్ మీది సరుకు తలుపుల చుట్టూ. గాలివాన వచ్చేముందు తలుపు మీద తారు పూసిన గుడ్డ కప్పి, దాని అంచుల మీద పట్టీలు పెట్టి, ఆ పట్టీలు కదలకుండా పక్కన ఉన్న కొక్కేల్లోకి చీలలు కొట్టేవారు.

మూడోది స్తంభం డెక్‌లోంచి దిగే రంధ్రం దగ్గర. తెరచాప స్తంభం చుట్టూ ఉన్న సందులో గట్టి కట్టె చీలలు కొట్టి స్తంభాన్ని నిలబెట్టేవారు. పైన గుడ్డ కప్పేస్తారు కాబట్టి ఇవి బయటికి అంతగా కనపడవు.

నేను ఇక్కడ ఫిరంగి చీలను ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే అవి వరసగా ఉంటాయి. వరసలో ఒక్కటి తేడాగా ఉన్నా ఆ ఫిరంగి మూతి మిగతావాటికంటే ఎక్కువో తక్కువో లేచి ఉంటుంది, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న హెచ్.ఎం.ఎస్. విక్టరీ లాంటి 104 ఫిరంగుల ఓడ మోడల్ చేసేవాళ్లకు ఇలాంటివి వందకు దగ్గర్లో కావాలి.

నేను చేసిన తప్పు

మొదటిసారి ఇరవై నాలుగు చీలలు చేసినప్పుడు ఒక్కో ముక్కను విడిగా కోసి, విడిగా రుద్ది, కాలిపర్స్‌తో కొలుస్తూ పోయాను. రెండు వారాలు పట్టింది. కొలతలన్నీ బాగానే ఉన్నాయనిపించింది. ఫిరంగుల కింద పెట్టి చూస్తే వాటి మూతులు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయి. చాలా బాధపడ్డాను.

మా వాడకట్టులో ఒక పెద్ద వడ్లాయన ఉండేవాడు. నాగళ్లు, బండ్లు చేసిన చేయి. ఆయనకు చూపిస్తే చీలలు అరచేతిలో పోసుకుని చూసి అన్నాడు: “ఇట్ల ఒక్కొక్క కట్టెను కొలుసుకుంట కూసుంటే ఎప్పటికి అయితది బిడ్డా? కోసే పెట్టెను ఒక్కపారి సక్కగ కొలువు. కట్టె దానంతట అదే సక్కగ వస్తది.”

ఆ రోజు నుంచి నేను చీలను కొలవడం దాదాపు మానేశాను. కొలతంతా కోత పెట్టెలో, అంటే రంపం ఎప్పుడూ ఒకే కోణంలో పోయేలా గాడి కోసిన చిన్న పెట్టెలో ఉంటుంది. కింద చెప్పేది ఆ పెట్టె ఎలా చేయాలో, దాంతో ఎలా కోయాలో.

ముందు కొలత తేల్చుకోవాలి

నా మోడల్ 1:64 స్కేలు, అంటే అసలు ఓడలో 64వ వంతు. నేను తీసుకున్న చీల కొలతలు: పొడవు 8 మి.మీ., వెడల్పు 3 మి.మీ., లావు కొన 2.5 మి.మీ., సన్న కొన 0.5 మి.మీ. అసలు ఓడ లెక్కలో 8 మి.మీ. అంటే సుమారు 51 సెం.మీ. పొడవు. మీ ఓడ ప్లాన్‌లో వేరే కొలత ఉంటే అదే తీసుకోండి, పద్ధతి మారదు.

సన్న కొనను కత్తి అంచులా సున్నాకు దించకండి. అలా దించితే అది ముట్టుకుంటే విరుగుతుంది, రంగు వేస్తే పీచు లేస్తుంది. అసలు చీలల్లోనూ కొన మొద్దుగానే ఉండేది.

ఇప్పుడు వాలు లెక్క. లావు కొనకూ సన్న కొనకూ తేడా 2 మి.మీ., పొడవు 8 మి.మీ. అంటే నాలుగు మి.మీ.లకు ఒక మి.మీ. వాలు. డిగ్రీల్లో 14. కోత పెట్టెలో మాత్రం దీనిలో సగమే కావాలి, ఎందుకో కోసేటప్పుడు తెలుస్తుంది. సగం అంటే ఎనిమిదికి ఒకటి. కోణమాపకం అక్కర్లేదు: కాగితం మీద 80 మి.మీ. గీత గీసి, దాని చివర నిలువుగా 10 మి.మీ. లేపి, రెండు కొనలు కలపండి. ఆ వాలు గీతే మీ రంపం దారి. గీత ఎంత పొడవుగా గీస్తే అంత కచ్చితంగా వస్తుంది. చిన్న ప్లాస్టిక్ కోణమాపకంతో గీస్తే అర డిగ్రీ తేడా తేలిగ్గా వస్తుంది. చీలలన్నీ ఒకేలా తప్పుగా వస్తాయి కాబట్టి ఆ తేడా ఫిరంగి కింద పెట్టేదాకా తెలియదు.

ఏ కట్టె

దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చిన్న ముక్కల్లో సగం పని కట్టె చేస్తుంది.

మన వైపు మొదట గుర్తొచ్చేది పొణికి కట్టె. నిర్మల్ బొమ్మలు చేసేది దానితోనే. తేలిగ్గా, మెత్తగా, ఉలికి ఇష్టంగా ఉంటుంది, బొమ్మకు అంతకంటే మంచిది లేదు. చీలకు మాత్రం పనికిరాదు. అర మి.మీ. కొన దగ్గర పీచు లేచి నలిగిపోతుంది.

రెండోది టేకు. ఆదిలాబాద్, మంచిర్యాల, ములుగు అడవుల టేకు పేరు అందరికీ తెలుసు. ఓడలకూ టేకుకూ పాత బంధం ఉంది: హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ అనే యుద్ధ ఓడను బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు టేకుతోనే కట్టి 1817లో నీళ్లలోకి దించారు. ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో అది ఇప్పటికీ ఉంది. అయినా అసలు ఓడ టేకుది కదా అని మోడల్‌లోనూ టేకే పెడితే కుదరదు. టేకు రంధ్రాలు పెద్దవి, ఏడాది గీతలు స్పష్టంగా ఉంటాయి. 1:64లో ఆ రంధ్రం అసలు ఓడ మీద బొటనవేలు దూరేంత కంతలా కనిపిస్తుంది. టేకును పెట్టె గోడలకు, ఓడ నిలబెట్టే స్టాండుకు వాడండి.

చీలకు కావాల్సింది రంధ్రాలు కనపడని, నున్నని, గట్టి కట్టె. యూరప్‌లో మోడల్ చేసేవాళ్లు బాక్స్‌వుడ్, పియర్ కట్టె వాడతారు. ఇక్కడ నేను ఎక్కువగా వాడేది జామ. పెరట్లో చెట్టు కొట్టినప్పుడో కొమ్మ విరిగినప్పుడో మణికట్టంత లావున్న ముక్క అడిగి తెచ్చుకుంటాను. జామ గట్టిది, పీచు దగ్గరగా ఉంటుంది, కొన నిలుస్తుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్ర కూడా తెల్లగా, నున్నగా చాలా బాగుంటుంది, కాస్త మెత్తన. పాత కట్టె స్కేలు, విరిగిన కట్టె దువ్వెన లాంటివి ఇంట్లో ఉంటే పారేయకండి. అవి ఏళ్ల తరబడి ఆరినవి, ఇక కదలవు.

పచ్చి కొమ్మ తెస్తే ఆరబెట్టే పద్ధతి: నిలువుగా రెండుగా చీల్చండి, లేకపోతే చుట్టూ పగుళ్లు వస్తాయి. రెండు కొనలకూ కొవ్వొత్తి మైనం కరిగించి పూయండి. నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. మన ఏప్రిల్, మే ఎండలో ఆరుబయట పెడితే నాలుగు రోజుల్లో పగిలిపోతుంది, ఆ తొందర వద్దు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. వరసగా మూడు నాలుగు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టు.

పలక తయారీ

ఆరిన కట్టె నుంచి 3 మి.మీ. మందం, సుమారు 40 మి.మీ. వెడల్పు ఉన్న పలక తీయాలి. పెద్ద ముక్కను సా మిల్లులోనో తెలిసిన వడ్రంగి దగ్గరో 4 మి.మీ.కు కోయించుకుని, మిగతాది ఇంట్లో రుద్దుకోవడం తేలిక. అద్దం ముక్క మీద 120 నంబరు సాండ్‌పేపర్ అంటించి, పలకను దాని మీద ఎనిమిది ఆకారంలో తిప్పుతూ రుద్దండి. నాలుగు మూలలా కాలిపర్స్‌తో చూసుకోండి. ఈ మందమే చీల వెడల్పు.

తర్వాత పలకను పీచుకు అడ్డంగా 8.5 మి.మీ. ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క 8.5 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు. పీచు ఆ పొట్టి వైపు నడుస్తుంది, అంటే రేపు వచ్చే చీల పొడవునా నడుస్తుంది. చీల బలం అందులోనే ఉంది. పీచు అడ్డంగా ఉంటే సన్న కొన గోరు తగిలినా ఊడిపోతుంది. పీచు ఇలా ఉండటం వల్ల ఈ 40 మి.మీ. ముక్క మాత్రం బిస్కెట్‌లా విరుగుతుంది. ఎప్పుడూ బల్ల మీద పరిచే పట్టుకోండి, గాలిలో వంచి చూడకండి.

ఇప్పుడు ఈ పని మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సిన చోటు. ముక్క రెండు పొడవాటి అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అద్దం మీద సాండ్‌పేపర్, దాని పక్కన గునియాకు సరిగ్గా నిలిచే ఒక కట్టె దిమ్మ పెట్టుకుని, ముక్కను దిమ్మకు ఆనించి నిలబెట్టి అంచు రుద్దండి. ఒక కొన దగ్గర, మధ్యలో, రెండో కొన దగ్గర కొలవండి. 0.05 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. నేను 8.4 దగ్గర ఆపుతాను. ఆ 0.4 ఎందుకో చివర్లో చెప్తాను.

ఎన్ని ముక్కలు కావాలి? ఒక చీల సగటు మందం 1.5 మి.మీ., రంపం తినేది నా రంపానికి 0.4 మి.మీ. కలిపితే దాదాపు 2. చేతితో పట్టుకోవడానికి చివర 12 మి.మీ. వదిలితే 28 మి.మీ. మిగులుతుంది, అంటే పద్నాలుగు చీలలు. ఇరవై నాలుగుకు రెండు ముక్కలు చాలాలి, కానీ మూడు చేసుకోండి. మంచివి ఏరుకునే వీలు ఉండాలి.

మీ రంపం ఎంత తింటుందో తెలుసుకోవాలంటే ఒక పనికిరాని ముక్క పొడవు కొలిచి, కోసి, రెండు ముక్కల పొడవులు కలిపి తీసేయండి. సన్న పళ్ల రేజర్ రంపం ఉత్తమం. వెనుక గట్టి పట్టీ ఉంటుంది కాబట్టి వంగదు. హ్యాక్సా బ్లేడు దాదాపు ఒక మి.మీ. తినేస్తుంది, పైగా ఇంత చిన్న ముక్కను అదరగొడుతుంది. కంసాలి వాళ్ల సన్న రంపం తక్కువ తింటుంది కానీ దాని బ్లేడు దారం లాంటిది, గాడిలో నిటారుగా నిలవదు. కరెంటు రంపపు బల్ల మీద ఇంత చిన్న ముక్కల్ని దయచేసి పెట్టకండి. వేలికీ బ్లేడుకూ మధ్య దూరం ఉండదు.

కోత పెట్టె

అడుగుకు 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క, 120 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు. గోడలకు ప్లైవుడ్ షాపులో దొరికే టేకు బీడింగ్, 10 మి.మీ. చదరం ఉన్నది, వంకర లేనిది చూసి తెచ్చుకోండి.

మొదటి గోడను మీ వైపు, అడుగు పొడవునా ఫెవికాల్‌తో అంటించండి. ఆరాక, మీరు చేసిన 8.4 మి.మీ. ముక్కనే కొలతగా గోడకు ఆనించి, మధ్యలో ఒక కాగితం పొర పెట్టి, రెండో గోడను దానికి తగిలేలా అంటించండి. జిగురు పట్టకముందే ముక్కను లాగేయండి. ఇప్పుడు రెండు గోడల మధ్య ఒక కాలువ ఏర్పడింది. ముక్క అందులో అటూ ఇటూ జారాలి, కానీ ఊగకూడదు.

తర్వాత రంపం గాడి. ముందు గీసిన 80కి 10 వాలు కాగితాన్ని పెట్టె మీద అంటించండి. 80 మి.మీ. గీత గోడలకు నిటారుగా, అడ్డంగా పోవాలి. అడుగు వెడల్పు 60 మి.మీ.లే కాబట్టి కాగితం కాస్త బయటికి వస్తుంది, ఫర్వాలేదు. వాలు గీత మీ వైపు నుంచి అవతలికి పోయేకొద్దీ కుడికి ఒరగాలి. గీత వెంట ఒక నిటారు దిమ్మను క్లాంపుతో బిగించి, రంపాన్ని దానికి ఆనించి రెండు గోడలనూ అడుగు తగిలేదాకా కోయండి. దిమ్మ లేకుండా కంటి అంచనాతో కోయకండి. గాడి ఒక్కసారే కోస్తాం, తర్వాత వచ్చే ప్రతి చీలా దీని బిడ్డే.

గాడి గోడలకు లోపల ఒక చుక్క ఫెవిక్విక్ పట్టించి ఆరనివ్వండి. కట్టె గట్టిపడి గాడి తొందరగా అరగదు. ఆరేదాకా రంపం అందులో పెట్టకండి.

చివరిది అడ్డు దిమ్మ. కాలువలో గాడికి కుడివైపున ఒక చిన్న దిమ్మ ఉండాలి, ముక్క వచ్చి దానికి తగిలి ఆగాలి. ఎంత దూరంలో అంటే లావు కొన కొలతంత, 2.5 మి.మీ. స్కేలుతో కొలవకండి. గాడిలో రంపం పెట్టి, దగ్గరి గోడ పక్కన రంపానికి ఆనించి 2.5 మి.మీ. డ్రిల్ బిట్ నున్నటి కాడను నిలబెట్టండి. అడ్డు దిమ్మను ఆ కాడకు తగిలేదాకా జరిపి, దగ్గరి గోడకు ఒక చుక్క జిగురుతో తాత్కాలికంగా అంటించండి. మొదటి రెండు చీలలు చూశాక దాన్ని వెంట్రుకవాసి జరపాల్సి రావచ్చు. సరిపోయాక గట్టిగా అంటించుకోవచ్చు. దిమ్మ దగ్గరి గోడ పక్కనే ఉండాలి, కాలువ మొత్తం మూయకూడదు. తెగిన చీల బయటికి రావడానికి చోటు కావాలి.

కోయడం

ముక్కను ఎడమ నుంచి కాలువలో పెట్టి, దాని కుడి కొన గాడిని కాస్త దాటేలా ఉంచి మొదటి కోత కోయండి. ఇందులో తెగి పడేది సగం వాలు ఉన్న ముక్క, పనికిరాదు, తీసేయండి.

ఇప్పుడు ముక్కను బోర్లా తిప్పండి. పెనం మీద జొన్నరొట్టె తిప్పినట్టు: మీ వైపు ఉన్న అంచు అవతలికి, అవతలిది మీ వైపుకు రావాలి, ఎడమ కొన ఎడమనే ఉండాలి. తిప్పగానే ముందు కోసిన వాలు ఎదురు దిక్కుకు మారుతుంది. ముక్కను కుడికి తోస్తే దాని మూల, మీ వైపున, అడ్డు దిమ్మకు తగులుతుంది. కోయండి. తెగేది అసలు చీల. ఒక వైపు వాలు పాత కోతది, రెండో వైపు వాలు కొత్త కోతది, రెండూ కలిస్తే పూర్తి వాలు. పెట్టెను సగం కోణానికి చేసింది ఇందుకే. లావు కొన ఎప్పుడూ మీ వైపే వస్తుంది.

సూదితో చీలను బయటికి తీయండి. పొడిని కుంచెతో ఊడ్చండి. మళ్లీ తిప్పండి, తోయండి, కోయండి. ప్రతి కోతకూ ఒకసారి తిప్పాలి. లెక్క తప్పి తిప్పకుండా కోస్తే చీల బదులు రెండు వైపులా సమానంగా ఉన్న పట్టీ వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది.

కోసేటప్పుడు రెండు విషయాలు. అడ్డు దిమ్మ దగ్గర పొడి పేరుకుంటే ముక్క దిమ్మకు సరిగ్గా తగలదు, చీల సన్నబడుతుంది. ప్రతిసారీ ఊడ్చడం విసుగే, కానీ నా లెక్కలో తేడా వచ్చిన చీలల్లో ఎక్కువ భాగం పొడి వల్లే వచ్చాయి. రెండోది బరువు. రంపం బరువుతోనే కోయనివ్వండి, చివరి మూడు నాలుగు లాగుల్లో అది కూడా వద్దు, కాస్త ఎత్తి పట్టుకోండి. సన్న కొన చిట్లేది అప్పుడే.

ఒకేలా ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది

కాలిపర్స్ దవడల మధ్య వాలు ముక్క సరిగ్గా కూర్చోదు, జారుతుంది. అందుకే కొలవడం కంటే పోల్చడం మంచిది.

మొదటి పరీక్ష: రెండు చీలలు తీసుకుని ఒకదాని మీద ఒకటి తల కింద తోకలా, అంటే ఒకదాని లావు కొన మీద రెండోదాని సన్న కొన వచ్చేలా పెట్టండి. రెండూ ఒకే వాలు ఉంటే పైభాగం చదునుగా వస్తుంది, ఎత్తు రెండు కొనల్లోనూ 3 మి.మీ. ఉంటుంది. ఇలా జంటలన్నీ అద్దం మీద వరసగా పెట్టి పైన ఒక స్టీలు స్కేలు ఆనించండి. ఏ జంట కిందైనా వెలుతురు కనిపిస్తే దాన్ని విడదీసి చూడండి.

రెండో పరీక్షకు ఒక గేజీ చేసుకోవాలి. పాత ప్లాస్టిక్ కార్డులో చీల ఆకారంలోనే వాలుగా ఉండే సందు కోయండి. చీలను సన్న కొన ముందుగా అందులోకి జార్చి, ఎక్కడ ఆగిందో అక్కడ గీత పెట్టండి. మిగతావన్నీ ఆ గీత దగ్గరే ఆగాలి. మన వాలు నాలుగుకు ఒకటి కాబట్టి మందంలో 0.1 మి.మీ. తేడా ఉంటే చీల 0.4 మి.మీ. ముందో వెనుకో ఆగుతుంది. కంటికి కనపడని తేడాను ఈ సందు నాలుగింతలు చేసి చూపిస్తుంది. ఫిరంగి కింద కూడా జరిగేది ఇదే.

తేడా ఎలా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కోసిన వరసలోనే చీలల్ని పేర్చుకోండి. ఒకటి, మూడు, అయిదు ఒకలా, రెండు, నాలుగు, ఆరు ఇంకోలా ఉంటే పెట్టె తప్పు కాదు, ముక్క అంచులు సమాంతరంగా లేవు. తిప్పినప్పుడల్లా వేరే అంచు గోడకు ఆనుతోంది. అన్నీ ఒకేలా ఉన్నా అద్దం మీద పెడితే ఒక పక్కకు ఒరిగి ఉంటే గాడి నిటారుగా లేదు. తిప్పడం వల్ల ఆ ఒరుగు రెండింతలై కనిపిస్తుంది. కొత్త గాడి కోయడం తప్ప దారి లేదు. మొదటి చీల నుంచి చివరి చీల దాకా కొద్దికొద్దిగా మారుతూ పోతే గాడి అరుగుతోంది లేదా అడ్డు దిమ్మ జరుగుతోంది.

రుద్దడం, పిడి, అంటించడం

రంపం గీతలు పోవడానికి అద్దం మీద 400 నంబరు కాగితం చాలు. వేలి కొనను కాస్త తడి చేసుకుని చీల మీద ఆనించి, ఒకే దిక్కుకు లాగండి. ఒక్కో ముఖానికి నాలుగు లాగులు, ప్రతి చీలకూ అంతే. ఒకదానికి గీత పోలేదని ఎనిమిది లాగితే అది వరస నుంచి బయటికి పోతుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి, అదనంగా కోసినవాటిలోంచి ఒకటి తీసుకోండి.

ఇప్పుడు ఆ 0.4 మి.మీ. సంగతి. ఈ పద్ధతిలో చీల వెనుక కొన పీచుకు నిటారుగా ఉంటుంది. చీలను డెక్ మీద పడుకోబెడితే ఆ కొన ఏడు డిగ్రీలు ఒరిగి కనిపిస్తుంది. 2.5 మి.మీ. ఎత్తులో ఇది 0.3 మి.మీ. ఒరుగు. దగ్గరగా చూసేవాళ్లకు తెలుస్తుంది. చీలను చదునైన దిమ్మ మీద అడుగు ఆనేలా పెట్టి, వెనుక కొన కాస్త బయటికి వచ్చేలా ఉంచి, నిటారుగా నిలబెట్టిన సాండ్‌పేపర్ దిమ్మకు తగిలిస్తూ రుద్దండి. సన్న కొన వైపు దిమ్మలో ఒక గుండుసూది దిగగొట్టి అడ్డుగా పెట్టుకుంటే అన్నీ సరిగ్గా 8 మి.మీ. దగ్గర ఆగుతాయి.

వెనుక కొన మధ్యలో 0.6 మి.మీ. రంధ్రం చేతి డ్రిల్‌తో వేసి, సన్నటి ఇత్తడి తీగనో, వెదురు పుల్లను సన్నగా చెక్కిందో పిడిగా పెట్టండి. డ్రిల్ పెట్టే ముందు సూదితో గుంత చేయకపోతే బిట్టు జారుతుంది. చీలను పట్టుకోవడానికి, మిగిలిన టేకు ముక్కలో మీ కోత పెట్టెతోనే ఒక చీల ఆకారం గాడి కోసుకుంటే అందులో కదలకుండా కూర్చుంటుంది.

రంగు నాకు నచ్చదు. అవిసె నూనె ఒక చుక్క గుడ్డకు అద్ది రాస్తే జామ కట్టె తేనె రంగుకు వస్తుంది. కానీ అడుగు ముఖానికి నూనె తగలకూడదు, తగిలితే జిగురు పట్టదు. ముందు అంటించి తర్వాత నూనె రాయడం మేలు. ఫెవికాల్ గుండుసూది మొనంత చాలు. మొదట ఒక ఫిరంగిని పెట్టి మూతి ఎత్తు చూసుకోండి. చీలలన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి అన్నింటినీ ఒకే లోతుకు తోస్తే మూతులన్నీ ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఆ లోతు కోసం ఒక కాగితం పట్టీ కోసి పెట్టుకుంటే ప్రతిసారీ కొలవనక్కర్లేదు.

ఇంకా చిన్నవి, ఇంకా సన్నవి

సరుకు తలుపుల పక్కన పెట్టే చీలలు 3 మి.మీ. కూడా ఉండవు. వాటికి ఈ పెట్టె పని చేయదు, ముక్క వేళ్లకు చిక్కదు. అక్కడ నేను వేరే దారి పడతాను: ఒక పొడవాటి పట్టీని అడ్డకోతలో చీల ఆకారం వచ్చేలా పొడవునా రుద్ది, తర్వాత రొట్టె ముక్కల్లా కోస్తాను. అన్నీ ఒకే పట్టీవి కాబట్టి ఒకేలా వస్తాయి. ఇందులో పీచు చీలకు అడ్డంగా ఉంటుంది, బలం ఉండదు. అక్కడ బలం అవసరం లేదు, ఊరికే అంటిస్తాం. సన్న కొనను 0.3 మి.మీ. కంటే తక్కువకు దించకుండా ఉంటే చాలు.

స్తంభం చుట్టూ పెట్టేవి మాత్రం తప్పకుండా పీచు నిలువుగా ఉన్నవే కావాలి, వాలు కూడా పదికి ఒకటి లాంటి సన్న వాలు. అవి కనిపించకపోయినా మోడల్‌లో నిజంగా పని చేస్తాయి. ముందు, వెనుక, రెండు పక్కలా నాలుగు చీలలు పెట్టి, ముందుది కాస్త లాగి వెనుకది కాస్త తోస్తే స్తంభం వెంట్రుకవాసి వంగుతుంది. ఓడ ప్లాన్‌లో ఇచ్చిన వంపు వచ్చేదాకా ఇలా సర్దుకుని, తాళ్లు కట్టాక జిగురు చుక్క వేస్తాను.

పెట్టె మీద పెన్సిల్‌తో చీల కొలత, స్కేలు, ఏ డ్రిల్ బిట్‌తో అడ్డు దిమ్మ పెట్టానో రాసి, ఒక మంచి చీలను టేపుతో దానికే అంటించి డబ్బాలో పెడతాను. వానాకాలంలో ప్లైవుడ్ ఉబ్బుతుంది కాబట్టి మళ్లీ వాడేముందు కొత్తగా ఒక చీల కోసి, ఆ పాతదాని మీద తల కింద తోకలా పెట్టి చూస్తాను.